జపాన్‌లో గవర్నర్‌ని ప్రజలే ఎన్నుకుంటారా? మీరు దగ్గర నుంచి చూశారా?

అవును, ప్రజలే ఎన్నుకుంటారు. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు కాబట్టి మీకు ఈ అనుమానం రావడం సహజమే. ఇక్కడి 47 ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటివి) గవర్నర్ అంటే దాదాపు మన ముఖ్యమంత్రి లాంటివారు. కాకపోతే నేరుగా ఓటుతో, నాలుగేళ్లకోసారి గెలవాలి.

నేను కోబెలో ఉంటాను, హ్యోగో ప్రిఫెక్చర్ రాజధాని ఇది. 2024లో ఇక్కడ జరిగింది ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. గవర్నర్ సైతో మొతోహికో సిబ్బందిని వేధిస్తున్నారని మార్చిలో ఒక సీనియర్ అధికారి లేఖ రాశారు. ఆ అధికారి మీదే క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. జులైలో ఆయన చనిపోయారు. పనిలో అవసరమైన మందలింపే తప్ప వేధింపు కాదన్నది సైతో వాదన. సెప్టెంబర్ 19న అసెంబ్లీలోని 86 మందీ అవిశ్వాసానికి ఓటేశారు. పది రోజుల్లో అసెంబ్లీని రద్దు చేయకపోతే గవర్నర్ పదవి పోతుంది. సైతో రద్దు చేయలేదు. పదవి పోగొట్టుకుని, మళ్ళీ పోటీకి దిగారు.

సెప్టెంబర్‌లో మా పక్కింటి పెద్దావిడ టీవీ చూసి "పాపం, ఆ అధికారి" అని కళ్ళు తుడుచుకున్నారు. నవంబర్ వచ్చేసరికి, మనవడు పంపిన వీడియోలు చూసి "టీవీ వాళ్ళు మనకి అన్నీ చెప్పలేదేమో" అన్నారు. రాజకీయాలు ఎత్తడానికే మొహమాటపడే మనిషి ఆవిడ. మా ఆఫీసులోనూ అదే మార్పు. మొదట్లో స్టేషన్ల ముందు ఒంటరిగా నిలబడి వంగి నమస్కారం పెట్టిన సైతో చుట్టూ చివరి వారంలో ఇసకేస్తే రాలనంత జనం.

ప్రచారం 17 రోజులే. ఇంటింటికీ వెళ్ళి ఓటడగడం నిషేధం. మైకు బండ్లు మాత్రం ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తిరుగుతాయి. బ్యాలెట్ మీద గుర్తులుండవు, అభ్యర్థి పేరు పెన్సిల్‌తో చేత్తో రాయాలి. అందుకే చాలామంది పోస్టర్ల మీద పేరుని తేలికైన హిరగానా అక్షరాల్లో వేసుకుంటారు. ఇది నాకు చాలా నచ్చింది.

నవంబర్ 17న ఏడుగురు పోటీలో ఉన్నారు. సైతోకి 11.13 లక్షల ఓట్లు, అమగసాకి మాజీ మేయర్ ఇనమురా కజుమికి 9.76 లక్షలు వచ్చాయి. పోలింగ్ క్రితంసారి (2021) 41.10 శాతం నుంచి ఈసారి 55.65 శాతానికి పెరిగింది.

అంతమంది కదిలి వచ్చి ఓటేయడం మంచిదే. కానీ ఆ ప్రచారంలో చనిపోయిన మనిషి వ్యక్తిగత జీవితం గురించి ఫోన్లలో తిరిగిన మాటలు నన్ను చాలా బాధపెట్టాయి. జవాబు చెప్పుకోడానికి ఆయన లేరు. విదేశీయులకి ఇక్కడ ఓటు లేదు, శాశ్వత నివాసం వచ్చినా రాదు. నాకు ఓటుంటే ఆ అధికారి కుటుంబాన్ని తలుచుకునే అభ్యర్థి పేరు రాసేవాణ్ణి.