స్టార్ వార్స్ కథ మామూలుదే కదా, మరి జనానికి అంత పిచ్చి ఎందుకు?

"పాత స్టార్ వార్స్ సినిమాలు మూడూ చూశాను. ఓ కుర్రాడు, ఓ రాకుమారి, నల్ల ముసుగు వేసుకున్న ఓ దుర్మార్గుడు. అంతరిక్షంలో జరిగే జానపద కథ, అంతే. దీనికి ఇంతమంది అభిమానులు ఎలా ఉన్నారు?" అని అడిగారు.

కథ విషయంలో మీతో వాదించను. అది పాత కథే, ఈ సినిమాల సృష్టికర్త జార్జ్ లూకాస్ కావాలనే అలాంటి కథ ఎంచుకున్నాడు. కానీ నా మటుకు నాకు అవి ముందు వినాల్సిన సినిమాలు, తర్వాత బొమ్మలు చూసుకోవాల్సిన సినిమాలు. కథది మూడో స్థానం. ఈ మాట ఊరికే అనడం లేదు. ఓ రోజు మా టీవీ పాడైపోవడం వల్ల నాకిది తెలిసొచ్చింది.

మా మేనకోడలికి పదేళ్లు. సెలవుల్లో మా ఇంట్లో ఉన్నప్పుడు రోజుకో సినిమా చొప్పున పాత మూడూ చూపిద్దామని కూర్చోబెట్టాను. 1977లో వచ్చిన మొదటిది, 1980లో వచ్చిన రెండోది హాయిగా అయిపోయాయి. మూడో రోజు 1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ద జెడై' పెట్టాం. ఇంకో ముప్పావుగంట ఉందనగా స్క్రీన్ టక్కున నల్లబడిపోయింది. మాటలు, సంగీతం మాత్రం వస్తూనే ఉన్నాయి. ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్ దగ్గర పెట్టి చూస్తే వెలుగు పడినంత మేర బొమ్మ మసగ్గా కదులుతోంది. బ్యాక్‌లైట్ పోయింది.

"ఆపేద్దామా? బాగయ్యాక చూద్దాంలే" అన్నాను.

"వద్దు మావయ్యా. నువ్వు చెబుతూ ఉండు, నేను వింటాను" అంది.

సరేనని మొదలుపెట్టాను. ఇప్పుడు మన కుర్రాడు లూక్ మెట్ల కింద దాక్కున్నాడు, ఇప్పుడు ఆ నల్ల ముసుగు వేడర్ వాణ్ణి వెతుకుతున్నాడు, ఇలా. లూక్ చెల్లెలి మాట వేడర్ ఎత్తగానే లూక్ కోపంతో అతని మీద పడతాడు చూడండి, అక్కడ మగగొంతుల కోరస్ ఒకటి వస్తుంది. మాటలుండవు. ఆ గొంతులు లేవగానే నేను చెప్పడం ఆపేశాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అంతా అందులోనే ఉంది. పిల్ల కూడా అడగలేదు. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, నల్లటి స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంది. వేడర్‌కి పైన ఉండే దుష్ట చక్రవర్తికి ఈ సినిమాలో ప్రత్యేకంగా ఒక కోరస్ ఉంది. అది వచ్చినప్పుడల్లా "బావిలోంచి ఎవరో పాడుతున్నట్టుంది" అంటూ ఉండేది.

ఆ తర్వాత వేడర్ చనిపోయే ఘట్టం వచ్చింది. లూక్ అతని కొడుకే. ఆ కొడుకు చేతుల మీద పడుకుని, నా ముసుగు తియ్యి, నిన్ను నా కళ్లతో చూస్తాను అంటాడు. నేను ఆ సీన్ చెప్పబోతుంటే పిల్ల చెయ్యి పైకెత్తి ఆపింది. కాసేపు విని, "మావయ్యా, ఇది వాడి పాటే కదా? ఎందుకింత మెల్లగా వాయిస్తున్నారు? చచ్చిపోతున్నాడా?" అంది.

అంతకుముందు రోజే రెండో సినిమాలో ఆ ట్యూన్ ఎన్నోసార్లు విని ఉంది. వేడర్ వచ్చినప్పుడల్లా మోగే ఆ ట్యూన్ పేరు ఇంపీరియల్ మార్చ్, తెలియనివాళ్లుండరు. కింద నుంచి దడదడమని లయ, దాని మీద ట్రంపెట్లు, ట్రాంబోన్లు. సైన్యం కవాతు చేస్తూ మీదికొస్తున్నట్టు ఉంటుంది. చాలామంది అది మొదటి సినిమా నుంచీ ఉందనుకుంటారు, కానీ 1977 సినిమాలో ఆ ట్యూన్ లేనే లేదు. ఈ సినిమాల సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ దాన్ని 1980లో 'ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' కోసం రాశాడు. ఆ సినిమా విడుదలకు ముందే, ఏప్రిల్ నెలాఖరులో, బోస్టన్ పాప్స్ ఆర్కెస్ట్రా కచేరీలో జనానికి వినిపించాడు. మూడేళ్ల తర్వాత అదే ట్యూన్‌ని చావు సీన్లో ఏం చేశాడో వినండి. డ్రమ్ములు లేవు, ట్రంపెట్లు లేవు, కవాతు లేదు. పలచని వయొలిన్లు, మెత్తటి గాలి వాద్యాలు, చిట్టచివర హార్ప్ తీగల మీద ఒక్కో స్వరం ఆగి ఆగి పడుతుంది. స్వరాలు అవే, భయం మాత్రం పోయింది. చివరి స్వరం దగ్గర ఓ ముసలాయన ఊపిరి ఆగిపోయినట్టే ఉంటుంది.

నేను ఆ సినిమా పది, పదిహేనుసార్లు చూసి ఉంటాను. అన్నిసార్లూ తెరమీద ముసుగు తీయడమే చూశాను. బొమ్మ లేకపోయేసరికి ఆ రోజు అర్థమైంది, అక్కడ తీసేది ఒక ముసుగు కాదు, రెండు. కొడుకు తండ్రి ముసుగు తీస్తుంటే, విలియమ్స్ ఆ ట్యూన్ ముసుగు తీస్తున్నాడు. సినిమా సంగీతంలో ఇంతకన్నా గొప్ప నిమిషం లేదని నా నమ్మకం. ఎవరేం చెప్పినా మార్చుకోను.

ఇంకో సంగతి. ఆ నల్ల ముసుగు కథలోంచి వచ్చింది కాదు, ఓ చిత్రకారుడి సందేహంలోంచి వచ్చింది. రాల్ఫ్ మెక్వారీ అని, అంతకుముందు బోయింగ్ కంపెనీలో టెక్నికల్ బొమ్మలు వేసినాయన. 1975లో లూకాస్ ఆయనకు స్క్రిప్టు ఇచ్చి బొమ్మలు వేయమన్నాడు. స్క్రిప్టులో వేడర్ ఓ నౌకలోంచి ఇంకో నౌకలోకి అంతరిక్షం గుండా రావాలి. మరి అక్కడ గాలి ఎలా పీలుస్తాడు అని మెక్వారీ అడిగి, మొహానికి శ్వాస ముసుగు తగిలించాడు. అది ఆ ఒక్క సీన్ కోసమే అనుకున్నది శాశ్వతంగా ఉండిపోయింది. ముసుగు ఉంది కాబట్టి సినిమాకు శబ్దాలు తయారుచేసిన బెన్ బర్ట్ ఆ ఊపిరి శబ్దం చేశాడు, స్కూబా డైవింగ్ రెగ్యులేటర్ లోపల మైక్ పెట్టి. ముసుగు ఉంది కాబట్టి చివర్లో దాన్ని తీయాల్సి వచ్చింది. ఒక చిత్రకారుడు వేసిన ప్రశ్న ఎంత దూరం వెళ్లిందో చూడండి! ఇప్పుడు చెప్పండి, ఈ సినిమాలు కథతో నిలబడ్డాయా, బొమ్మలతోనా?

టీవీ రిపేరుకి వెళ్లాక మరుసటి రోజు లాప్‌టాప్‌లో మెక్వారీ బొమ్మలన్నీ వరసగా చూపించాను. ఎడారిలో రెండు రోబోలు నిలబడ్డ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. అందులో బంగారు రోబో సినిమాలో కన్నా సన్నగా ఉంటుంది. 1927 నాటి 'మెట్రోపాలిస్' సినిమాలోని రోబో పోలికలు తెలిసిపోతాయి. ఆ వేషం వేసిన ఆంథనీ డేనియల్స్‌కి మొదట్లో సినిమా మీద ఆసక్తే లేదు. ఈ బొమ్మలో ఆ రోబో మొహంలోని దిగులు చూశాకే మనసు మారిందని ఆయనే చెప్పుకున్నాడు. స్టూడియో పెద్దలకు కూడా లూకాస్ ఈ బొమ్మలే చూపించాడు. కాగితం మీద చదివితే ఆ స్క్రిప్టు ఎవరికి అర్థమవుతుంది? బొమ్మ చూస్తే చాలు.

"వీటిలో మనుషులు ఇంత చిన్నగా ఉన్నారేంటి?" అని అడిగింది పిల్ల. సరిగ్గా పట్టుకుంది. మెక్వారీ ఎప్పుడూ ముందు గోడ వేస్తాడు, ఆకాశం వేస్తాడు, నీడ వేస్తాడు, ఆ తర్వాత ఓ మూల బొటనవేలంత మనిషిని పెడతాడు. ఆ కొలతల వల్లే ఆ ప్రపంచం మన రాకకు ముందే అక్కడున్నట్టు అనిపిస్తుంది. సినిమాలో లోతైన ఆ గోతులు, పెద్ద పెద్ద హాంగర్లు చాలావరకు గాజు పలక మీద చేత్తో వేసిన పెయింటింగులే. పెయింటింగూ అసలు సెట్టూ కలిసే ఆ అంచులు ఇప్పటికీ నాకు కనిపించవు.

ఈ సందర్భంలో పోస్టర్ల గురించి నా బాధ కూడా చెప్పాలి. ఈమధ్య సినిమా పోస్టర్లు చూస్తుంటే కడుపు రగిలిపోతుంది. హీరో తల పెద్దది, పక్కన మిగతావాళ్ల తలలు చిన్నవి, ఫొటోలు కత్తిరించి అతికించి వెనక నీలం, నారింజ రంగులు పులమడం. ఈ తలల గుంపు పద్ధతికి స్టార్ వార్స్ పోస్టర్లనే కారణంగా చూపిస్తారు. అది అన్యాయం. 1978లో డ్రూ స్ట్రూజన్, చార్లెస్ వైట్ కలిసి వేసిన పోస్టర్ తీసుకోండి. స్ట్రూజన్ మనుషుల మొహాలు వేస్తే, వైట్ ఎయిర్‌బ్రష్‌తో యంత్రాలు వేశాడు. పేర్లు వేయడానికి చోటు చాలకపోతే, ఆ బొమ్మనే గోడకు అతికించిన చిరిగిన పాత పోస్టర్‌లా మార్చేసి కింద ఖాళీ తెచ్చుకున్నారు. చిరిగిన అంచులు, వెనక కనిపించే చెక్క కూడా కుంచెతో వేసినవే. వచ్చిన ఇబ్బందినే అందంగా మార్చడం అంటే అదీ. అలాంటి పోస్టర్ ముందు పదినిమిషాలు నిలబడొచ్చు. ఇప్పటివాటి ముందు పది సెకన్లు కూడా కష్టం.

సంగీతానికి వస్తాను. విలియమ్స్ పేరు లూకాస్‌కు సూచించింది దర్శకుడు స్పీల్‌బర్గ్. మొదటి సినిమా రికార్డింగ్ 1977 మార్చిలో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో. మొదట్లో ఆ ట్రంపెట్ పైకి ఎగిరి ఒళ్లు ఝల్లుమనిపిస్తుంది కదా, అది వాయించిన మారిస్ మర్ఫీకి ఆ ఆర్కెస్ట్రాలో అదే మొదటి రోజు. కొత్త ఉద్యోగంలో మొదటి రోజు ఆ స్వరం ఊదాడంటే ఆ గుండె ఎంత ధైర్యంగా ఉండి ఉంటుందో! లూక్ రెండు సూర్యుల అస్తమయం చూసే సీన్‌కు విలియమ్స్ మొదట వేరే సంగీతం రాశాడు. లూకాస్ వద్దన్నాక ఫోర్స్ థీమ్‌తో, అంటే ఆ కథలోని అదృశ్య శక్తికి కట్టిన ట్యూన్‌తో, మళ్లీ రాశాడు. ఆ కొమ్ము వాద్యం ఒంటరిగా మొదలైనప్పుడు మాటలు ఏమీ ఉండవు. ఊరు దాటి పోవాలనుకునే ప్రతి కుర్రాడి మనసూ అందులో ఉంది. దీన్ని 'బీజీఎం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు కోపం వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నది ఆ సంగీతం కాదు, మిగతావన్నీ.

1999లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా 'ద ఫాంటమ్ మెనేస్'లో చివరి కత్తియుద్ధం దగ్గర వచ్చే కోరస్ లాటిన్ అనుకునేవాళ్లు చాలామంది. అది సంస్కృతం. ఓ పాత వెల్ష్ పద్యంలోంచి రెండు ముక్కలు, నాలుక మొదట్లో ఒక ఘోర యుద్ధం, తల వెనక ఇంకొకటి అనే అర్థం వచ్చేవి, సంస్కృతంలోకి మార్పించుకున్నాడు విలియమ్స్. తర్వాత పలికినప్పుడు ఎలా మోగుతుందో చూసుకుని అక్షరాలను అటూ ఇటూ పేర్చాడు. ఈ సంగతి తెలిశాక నేను ఓ రాత్రంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని విభక్తులు వెతికాను. వాక్యం దొరకలేదు. కానీ ఆ అచ్చులు నోరు తెరిచి పలికేవి, అందుకే అంతమంది ఒక్కసారి పాడితే గుడి గోపురం మోగినట్టుంటుంది. అర్థం పోయినా శబ్దం నిలబడింది.

ఇంత పని పెట్టి సంగీతం రాస్తే మనం ఏం చేస్తున్నాం? సినిమా అయిపోగానే యాప్‌లు క్రెడిట్స్‌ని మూలకు నెట్టి, ఐదు సెకన్లలో తర్వాతిది మొదలెడతామంటాయి. ఆ క్రెడిట్స్‌లోనే కదా ట్యూన్లన్నీ వరసగా తిరిగొచ్చేది! సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే ఆపండి, ముందు ఆ పని చేయండి.

టీవీ బాగై వచ్చాక ఆ 1999 సినిమా కూడా పెట్టాం. ఆఖర్లో ఊరేగింపు ఉంటుంది. యుద్ధం గెలిచారు, పిల్లలు పాడుతున్నారు, రంగు కాగితాలు ఎగురుతున్నాయి. అది అయ్యాక వెనక్కి తిప్పి, "ఇదే పాటని మెల్లగా, లావు గొంతుతో పాడు" అన్నాను. పాడింది. ఇంకా మెల్లగా అన్నాను. మళ్లీ పాడుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఇది బావిలో పాట కదా."

అవునన్నాను. కొత్తగా పదవెక్కి, అందరి మధ్యా నిలబడి నవ్వుతున్న ఆ పెద్దాయన ఎవరో ఆ సినిమాలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పిల్ల రిమోట్ తీసుకుని ఆ ఊరేగింపు మళ్లీ మొదటి నుంచీ పెట్టింది. ఈసారి నవ్వలేదు.

"వాడు అక్కడే ఉన్నాడు మావయ్యా. వాళ్లకి తెలీట్లేదు."