అల్హంబ్రా వెళ్తున్నావా? ముందు నస్రిద్ టైమ్ ఖాయం చేసుకో

చి.ల.సౌ. అమ్మలూ,

అత్తయ్య ఆశీస్సులు. మీరంతా మే నెలలో స్పెయిన్ వెళ్తున్నారని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మాడ్రిడ్‌లో హోటల్ బుక్ అయిందట, గ్రనడాకు రైలు కూడా చూస్తున్నారట. అల్హంబ్రా సంగతి అడిగితే, "గ్రనడాలో రెండు రోజులుంటాం కదా, ఏదో ఒక రోజు వెళ్ళి చూసేస్తాం" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. ఇన్నేళ్ళు మనవాళ్ళ గ్రూపులను యూరప్ అంతా తిప్పినదాన్ని, ఆ ప్యాలెస్ విషయంలో మాత్రం "ఏదో ఒక రోజు" కుదరదని గట్టిగా చెప్పగలను. టికెట్ మీద తేదీతో పాటు గంట కూడా ఉంటుంది. ఆ గంట చేతికొచ్చాకే రైలు, హోటల్, భోజనం, అన్నీ. ముందు రైలు కొనేసి తర్వాత టికెట్ వెతికితే, మీరు గ్రనడాలో ఉన్న రెండు రోజుల్లోనూ ఒక్క ఖాళీ కూడా కనిపించకపోవచ్చు.

అసలు ఆ పద్ధతి ఎందుకో ముందు చెప్తాను, అర్థమైతే విసుగు రాదు. అల్హంబ్రా ఒక్క భవనం కాదు, కొండ మీద గోడలు కట్టుకున్న చిన్న ఊరు. 1238లో గ్రనడాకు వచ్చిన మొదటి మహమ్మద్ నస్రిద్ అనే ముస్లిం రాజవంశాన్ని నిలబెట్టాడు. 1492 జనవరి 2న వాళ్ళ చివరి రాజు బోఆబ్దిల్ కోటను స్పెయిన్ రాణీరాజులు ఇసబెల్లా, ఫెర్నాండో దంపతులకు అప్పగించేదాకా ఆ వంశమే పాలించింది. ఈ రెండున్నర శతాబ్దాల్లో ఒక్కొక్క రాజూ కొంత కొంత కట్టుకుంటూ వచ్చాడు. పడమటి కొసన అల్కసాబా అనే పాత సైనిక కోట, దాని పక్కన నస్రిద్ ప్యాలెస్‌లు, తూర్పున కొంచెం ఎత్తులో హెనెరలీఫే తోటలు. ఏడాదికి 25 లక్షల మందికి పైగా వస్తారు. అందరూ చూడాలనుకునేది నస్రిద్ ప్యాలెస్‌లనే. అక్కడ గోడల మీద ఉన్నది రాయి కాదు, జిప్సం గారలో చెక్కిన సన్నని పని. గదుల మధ్య దారులు ఇరుకు. అందుకే అరగంటకు దాదాపు 300 మందిని మాత్రమే పంపిస్తారు. టికెట్ మీద కనిపించే గంట ఈ నస్రిద్ ప్రవేశానిది. అల్కసాబాకూ తోటలకూ అలాంటి గంట లేదు, ఆ రోజు తెరిచి ఉన్నంతసేపు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ ఒక్కో చోటికి ఒక్కసారే. బయటికి వచ్చాక మళ్ళీ స్కాన్ చేసినా పంపరు.

టికెట్ ఎక్కడ కొనాలి? అల్హంబ్రాను చూసుకునే సంస్థ పేరు పత్రోనాతో. వాళ్ళ అధికారిక వెబ్‌సైట్‌లోనే కొను. సెర్చ్‌లో పైన కనిపించేవన్నీ అదే అనుకోకు, చాలావరకు ఏజెన్సీల పేజీలు. "అల్హంబ్రా జనరల్" అన్నదే మీకు కావలసింది. పెద్దవాళ్ళకు 20 యూరోలకు అటూ ఇటూ ఉంటుంది. దాని పక్కనే తక్కువ ధరకు తోటలు, హెనెరలీఫే, అల్కసాబా అని ఇంకో టికెట్ కనిపిస్తుంది. తొందరలో అది కొనేవాళ్ళు బోలెడుమంది. దాంతో నస్రిద్ ప్యాలెస్‌లలోకి రానివ్వరు. డబ్బు కట్టే ముందు నస్రిద్ అన్న మాట, పక్కన గంట ఉన్నాయో లేవో మీ ఆయన చేత కూడా ఒకసారి చూపించు. ఒకసారి కొన్నాక తేదీ మార్పు, డబ్బు వాపసు లాంటి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళకు ఒక టెన్షన్ ఉంటుంది. టికెట్లు మనిషి పేరు మీద, పాస్‌పోర్టు నంబరు మీద ఇస్తారు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి. అన్నయ్యకు ఇంటిపేరు పొడి అక్షరంగా రాసే అలవాటు. వదిన పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉందో, అత్తింటిది ఉందో నాకు గుర్తు లేదు. ఎవరికి ఎలా ఉంటే అలాగే, పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం ఎక్కించు. బాబుకు టికెట్ ఉచితమే అయినా, వాడి పేరు మీద కూడా ఒకటి తీసుకోవాలి, మీ టికెట్లు కొనేటప్పుడే. ఆ రోజు అందరి ఒరిజినల్ పాస్‌పోర్టులూ చేతిలో ఉండాలి, జిరాక్సులు కాదు. ముందురోజు సాయంత్రమే బ్యాగులో సర్దేసెయ్. టికెట్లు ఫోన్‌లో దింపుకుని ఉంచు, ఒక కాగితం ప్రింటు కూడా తీసుకో. పొద్దుటి నుంచి ఫోటోలు తీసి తీసి ఫోన్ ఆగిపోతే గేటు దగ్గర ఏమీ చేయలేం.

ఏ గంట ఎంచుకోవాలి అన్నది నన్నడిగితే, పొద్దున 8:30 లేదా 9:00. ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య వరకు కోట 8:30కే తెరుస్తారు, రాత్రి 8 దాకా ఉంటుంది. చలికాలంలో సాయంత్రం 6కే మూసేస్తారు. పొద్దున చల్లగా ఉంటుంది, గ్రూపులు ఇంకా బస్సు దిగవు, నస్రిద్ ప్యాలెస్‌లలోని మిర్టిల్ ప్రాంగణంలో నీళ్ళు కదలకుండా ఉంటే కొమారెస్ బురుజు మొత్తం అందులో కనిపిస్తుంది. మీ నాన్నగారి మోకాలి నొప్పిని తలచుకున్నా పొద్దుటి నడకే మంచిది. పొద్దుటివి దొరక్కపోతే సాయంత్రం 5 ప్రాంతం చూడు. ఎండ పల్చబడి గార పని మీద నీడలు బాగా పడతాయి. 11 నుంచి 3 మధ్య వద్దు. మేలోనే ఆ వేళ ఎండ గట్టిగా ఉంటుంది, జనం కూడా అప్పుడే ఎక్కువ.

గంట చేతిలో ఉంది కదా అని గేటు దగ్గరికి ఆ గంటకే వెళ్తే సరిపోదమ్మా. గ్రూపులలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టికెట్ కౌంటర్లు ఉన్న పెద్ద ప్రవేశం తూర్పు వైపు, హెనెరలీఫే దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి నస్రిద్ ప్యాలెస్‌ల తలుపు దగ్గరికి పెద్దవాళ్ళతో నడిస్తే 15, 20 నిమిషాలు పడుతుంది. ఆ తలుపు దగ్గర మళ్ళీ క్యూ. చేతిలో టికెట్ ఉన్నవాళ్ళు ఆ పెద్ద ప్రవేశానికి వెళ్ళనక్కరలేదు. 1348లో మొదటి యూసుఫ్ కట్టించిన న్యాయ ద్వారం ఉంది, స్పానిష్‌లో దాన్నే పువెర్తా దె లా హుస్తీసియా అంటారు. ఆ దారిలో లోపలికి వస్తే ఐదవ చార్లెస్ ప్యాలెస్, దాని పక్కనే నస్రిద్ క్యూ. పట్నం నడుమ నుంచి సీ30 నంబరు చిన్న బస్సు కొండ మీదికి వస్తుంది. ప్లాసా నువేవా నుంచి నడిచి ఎక్కే దారి చెట్ల నీడలో చాలా బాగుంటుంది కానీ ఏటవాలు ఎక్కువ, అన్నయ్యను దాన్ని ఎక్కించవద్దు. టాక్సీలో వెళ్ళండి. మీ గంటకు ముప్పావు గంట ముందు కొండ మీద ఉండేలా చూసుకోండి. మీ టైమ్ దాటిపోయాక వస్తే లోపలికి పంపడం వాళ్ళ దయ. ఒక గ్రూపులో కాఫీ కోసం ఆగిపోయిన దంపతులు తలుపు దగ్గరే నిలబడిపోయారు, ఎంత బతిమాలినా వాళ్ళను పంపలేదు. తలుపు దగ్గరున్న అమ్మాయిది తప్పు కూడా కాదు.

లోపలికి వెళ్ళేముందే అందరూ బాత్‌రూమ్‌కు వెళ్ళిరండి, ప్యాలెస్‌ల లోపల ఆ సౌకర్యం ఉండదు. బ్యాక్‌ప్యాక్ ఉంటే ముందు వైపు వేసుకోమంటారు, గోడలకు తగలకుండా. పెద్ద సామాను తేవద్దు. ఫ్లాష్ వాడకూడదు, గోడలను ముట్టుకోకూడదు. బాబుకు ముందే చెప్పి ఉంచు.

ఇప్పుడు నేను మనసారా చెప్పాలనుకున్న మాట. ఆ గంట లోపలికి వెళ్ళడానికే, బయటికి రావడానికి కాదు. ఒకసారి అడుగుపెట్టాక మిమ్మల్ని ఎవరూ తరమరు. కానీ దారి ఒకవైపే, వెనక్కి నడవలేరు. మన జనం వెనక ఇంకో గ్రూపు వస్తోందన్న కంగారులో 40 నిమిషాల్లో బయటపడతారు. మీరు గంటన్నర ఉండండి. ఒక గ్రూపు పక్కన వస్తే గోడ వారగా జరిగి నిలబడండి, ఐదు నిమిషాల్లో వాళ్ళు వెళ్ళిపోతారు, ఆ గది మీకే మిగులుతుంది.

ముందు మెషువార్ గది వస్తుంది. అక్కడ ఎక్కువసేపు ఆగక్కరలేదు. తర్వాత మిర్టిల్ ప్రాంగణం. దాని ఉత్తరాన ఉన్న రాయబారుల గదిలో తలెత్తి చూడండి. 8 వేలకు పైగా చెక్కముక్కలతో ఏడు ఆకాశాలను పేర్చారు. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది, అందుకే చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. ఆ గదిలో కిటికీల పక్కన నిలబడి వదినను గోడల మీది రాతలు చూడమను. "అల్లా తప్ప విజేత లేడు" అన్న నస్రిద్‌ల ఒకే వాక్యం ఎన్నో చోట్ల, ఎన్నో రకాల లిపిలో తిరిగి తిరిగి వస్తుంది.

అక్కడి నుంచి సింహాల ప్రాంగణం. 14వ శతాబ్దంలో ఐదవ మహమ్మద్ కట్టించాడు. 124 స్తంభాల మధ్య నీటి తొట్టి, దాన్ని మోస్తూ 12 పాలరాతి సింహాలు. తొట్టి అంచున ఇబ్న్ జమ్రక్ అనే ఆస్థాన కవి పద్యం చెక్కి ఉంది. పదేళ్ళ మరమ్మతు తర్వాత 2012లో ఆ సింహాలు తిరిగి చోటికి చేరాయి. ఒక సింహం ఇంకో సింహంలా ఉండదు. ఆ తేడాలు కనిపెట్టమని బాబుకు పని పెట్టు, అరగంట దాకా వాడు మిమ్మల్ని విసిగించడు. ఈలోగా మీరు ఇద్దరక్కచెల్లెళ్ళ గదిలో పైకప్పు చూడొచ్చు. తేనెపట్టులాంటి చిన్న చిన్న అరలు 5 వేలకు పైనే ఉంటాయి. అన్నయ్యను ఒక పక్కన కాసేపు ఆగి, నెమ్మదిగా పైకి చూడమను.

బయటికి వచ్చేదారి పార్తాల్ తోటలోకి తెరుచుకుంటుంది. నీళ్ళ పక్కన బెంచీలుంటాయి, కూర్చోండి. అక్కడ పది నిమిషాలు విశ్రాంతి తీసుకుని మిగిలిన రోజు గురించి మాట్లాడుకోండి. పొద్దుటి టైమ్ దొరికితే పార్తాల్ నుంచి నేరుగా హెనెరలీఫేకు వెళ్ళడం నాకిష్టం. తోటలకు దారో నది నీళ్ళను సుమారు 6 కిలోమీటర్ల పైనుంచి ఒక కాలువలో, పంపు అన్నది లేకుండా, వాలు చూసి తెచ్చారు. అక్కడ ఒక మెట్లదారి ఉంది, దాని చేతిపట్టు గోడల మీదే నీళ్ళు కిందికి పారుతుంటాయి. బాబు చేతులు తడుపుకోవడానికి అదే చోటు. అల్కసాబాను చివరికి పెట్టండి, మెట్లు ఎక్కువ. వేలా బురుజు పైకి మీరిద్దరూ బాబును తీసుకుని వెళ్ళండి, పైనుంచి సియెర్రా నెవాడా కొండల మంచు కనిపిస్తుంది. అన్నయ్య, వదిన కింద ఐదవ చార్లెస్ ప్యాలెస్ లోపల ఆగిపోవచ్చు. 1527లో మొదలైన ఆ భవనం బయటికి చతురస్రంగా, లోపల గుండ్రంగా ఉంటుంది, అక్కడికి వెళ్ళడానికి టికెట్ అక్కరలేదు.

ఒకవేళ మీ తేదీలకు జనరల్ టికెట్ లేకపోతే దిగులుపడకు. ముందుగా, ప్రతిరోజూ రెండుసార్లు ఆ వెబ్‌సైట్ చూస్తూ ఉండు, రద్దయినవి మళ్ళీ వస్తుంటాయి. గ్రనడా కార్డు అని ఊరి మొత్తానికి ఒక పాస్ ఉంది, అందులో అల్హంబ్రా కూడా ఉంటుంది, నస్రిద్ గంట కొనేటప్పుడే ఎంచుకోవాలి. అదీ దొరక్కపోతే గైడుతో కూడిన టూర్. ధర ఎక్కువే కానీ ఏజెన్సీల కోటా వేరు. నస్రిద్ ప్యాలెస్‌లకు రాత్రి దర్శనం టికెట్ కూడా అమ్ముతారు. దీపాల వెలుగులో చాలా బాగుంటాయి, అయితే అల్కసాబా, తోటలు దాంట్లో రావు. గేటు బయట ఎవరో టికెట్ ఇస్తానంటే మాత్రం ఒద్దు. పేరు మీ పాస్‌పోర్టుతో కలవదు, డబ్బు పోతుంది.

సాయంత్రం గ్రనడాలోనే ఉండండి, అదే రోజు రైలు పెట్టుకోకండి. ఎదురుగా ఉన్న అల్బైసీన్ కొండ మీద సాన్ నికొలాస్ చదునుకు వెళ్తే పొద్దున మీరు నడిచిన గోడలన్నీ ఒక్కచోట నుంచి కనిపిస్తాయి, అన్నయ్యను అక్కడికి కూడా టాక్సీలోనే తీసుకెళ్ళు.

ముందు ఇవాళే వెబ్‌సైట్ తెరిచి మీ రెండు రోజులకు ఏయే గంటలున్నాయో నాకు రాయి. రైలు టికెట్ కొనడం ఇంకా ఆపే ఉంచు.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య