పాఠకుల ప్రశ్నలు: నక్షత్రశాలలో మిగిలిన రోబో

ప్రశ్న: జపాన్ యానిమే (యానిమేషన్ ధారావాహిక) ‘ప్లానెటేరియన్’ ఈమధ్యనే చూశాను. అందులోని రోబో యుమెమి మొదటి నుంచి చివరి దాకా ఉద్యోగంలో నేర్పిన మాటలనే పలుకుతుంది. ఆమెకు మనసు ఉన్నదని కథ ఎక్కడా తేల్చి చెప్పదు. అలాంటప్పుడు ఆమెకూ ఆ మనిషికీ మధ్య ఉన్నదాన్ని స్నేహం అనవచ్చా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అనవచ్చుననే నా అభిప్రాయం. చూడనివారి కోసం ముందుగా కథను క్లుప్తంగా చెబుతాను. యుద్ధంలో ప్రపంచం నాశనమై, ఎడతెగని వాన కురుస్తున్న కాలంలో, పాత సామాన్లు ఏరుకుని బతికే ఒక మనిషి జనం ముప్పై ఏళ్ల కిందట విడిచి వెళ్లిన నగరంలోకి ప్రవేశించి, కాపలా యంత్రాల నుంచి తప్పించుకుంటూ ఒక పెద్ద దుకాణ భవనం పైభాగంలోని నక్షత్రశాలకు చేరుకుంటాడు. అక్కడ హోషినో యుమెమి అనే రోబో ప్రేక్షకుల కోసం ఇంకా ఎదురుచూస్తూ ఉంటుంది. కీ సంస్థ 2004లో విడుదల చేసిన కథాత్మక కంప్యూటర్ ఆట దీనికి మూలం. డేవిడ్ ప్రొడక్షన్ స్టూడియో 2016లో దాన్ని ఐదు చిన్న భాగాలుగా తీసింది.

మీరన్నట్టు యుమెమి మారదు. మారేది మనిషి. అలవాటు ప్రకారమైతే అతడు ఆ భవనంలో పనికొచ్చే వస్తువులేవో తీసుకుని తన దారిన పోవలసినవాడు; దానికి బదులు చెడిపోయిన ప్రొజెక్టరును బాగుచేయడానికి పూనుకుంటాడు. అమ్మితే ఎంత వస్తుందని కాకుండా, ఆడితే ఎలా ఉంటుందని ఒక యంత్రాన్ని అతడు చేతబట్టడం నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన మలుపుగా కనిపిస్తుంది. ప్రదర్శన మధ్యలో కరెంటు పోయి గుమ్మటమంతా చీకటైనప్పుడు అతడు లేచి వెళ్లడు, వ్యాఖ్యానం కొనసాగించమంటాడు. ఒక్క నక్షత్రమూ కనిపించని ఆ చీకట్లో ఆమె చెబుతుంది, అతడు వింటాడు. స్నేహానికి ఇంతకంటే ఏ రుజువు కావాలి?

నగరంలోని కాపలా యంత్రంతో అతడు పోరాడే దృశ్యం నా దృష్టిలో అవసరానికి మించి సాగింది. దాని తరువాతి ఘట్టం మాత్రం మీ ప్రశ్నకు నేరుగా సమాధానం ఇస్తుంది. అతణ్ణి కాపాడబోయి ఆమె శరీరం ఛిద్రమై, మిగిలిన విద్యుత్తు కాసేపట్లో అయిపోనున్న స్థితిలో అతడు ఒక అబద్ధం చెబుతాడు: ఆమెను కొత్త నక్షత్రశాలలో ఉద్యోగానికి తీసుకువెళ్లడానికే తాను వచ్చానంటాడు. ఆమెను ఓదార్చడానికి నువ్వు కూడా మనిషివేనని అతడు అనడు. ప్రేక్షకులు వస్తారన్న ఆశే ఆమె ఆనందమని గ్రహించి, దాన్నే ఆమె చేతిలో పెడతాడు. స్వర్గాన్ని మనుషులకు ఒకటి, రోబోలకు ఒకటిగా విడదీయవద్దని ఆమె చేసే ప్రార్థనలోనూ మనిషిని కావాలన్న కోరిక లేదు, మనుషులకు సేవ చేస్తూ ఉండాలన్న కోరికే ఉంది. ఎదుటివారిని తనలా మార్చుకోకుండా, వారున్నట్టే గౌరవించడం ఇద్దరి వైపు నుంచీ జరిగింది కనుకనే నేను దీన్ని స్నేహం అంటున్నాను.

ప్రశ్న: యుమెమి ప్రొజెక్టరును ‘యేనా గారు’ అన్నట్టుగా ఎంతో మర్యాదగా పిలుస్తుంది. అలాంటి యంత్రం నిజంగా ఉన్నదా?
(ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ఉన్నది. యేనా జర్మనీలోని పట్టణం; కార్ల్ జైస్ సంస్థ అక్కడే పుట్టింది. ఆ సంస్థ ఇంజనీరు వాల్తర్ బావర్స్‌ఫెల్డ్ రూపొందించిన తొలి నక్షత్ర ప్రొజెక్టరును 1923లో మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో ప్రదర్శించారు. గోళంలో వెలిగే దీపపు కాంతి సన్నని రంధ్రాలున్న పలకల గుండా, కటకాల గుండా వెళ్లి గుమ్మటం మీద ఒక్కొక్క నక్షత్రంగా పడుతుంది. తరువాత వచ్చిన నమూనాల్లో ఉత్తర ఆకాశానికి ఒకటి, దక్షిణ ఆకాశానికి ఒకటిగా రెండు గోళాలను అమర్చారు. జపాన్‌లోని అకాషి నగర నక్షత్రశాలలో 1960 నాటి యేనా యంత్రం దశాబ్దాల పాటు పనిచేస్తూ వచ్చింది. ఇంతటి యంత్రంలో విప్పి, తుడిచి, తిరిగి బిగించగల భాగాలున్నాయి గనుకనే పాత సామాన్లతో బతికేవాడు దాన్ని బాగుచేయడం నమ్మశక్యంగా ఉంటుంది. మీరు నౌబత్ పహాడ్ మీది బిర్లా నక్షత్రశాలకు వెళ్లినప్పుడు, ఆకాశంతో పాటు వ్యాఖ్యానం చెప్పే గొంతును కూడా శ్రద్ధగా వినండి. ఈ కథ ఆ గొంతు గురించినదే.

ప్రశ్న: పిల్లలతో కలిసి చూడవచ్చా? ఏ వరుసలో చూడాలి?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: చివరి భాగం చిన్నపిల్లలను బాగా కలతపెడుతుంది, పన్నెండు, పదమూడేళ్లు దాటినవారైతే పక్కన కూర్చుని చూడండి. ముందు ఐదు భాగాలు, తరువాత అదే మనిషి వృద్ధాప్యాన్ని చూపే 2016 నాటి సినిమా చూడాలి. 2021లో వచ్చిన ‘స్నో గ్లోబ్’ యుద్ధానికి ముందు జరిగిన కథే అయినా దాన్ని చివరికి ఉంచండి. సహోద్యోగులతో యుమెమి గడిపిన మామూలు రోజులు, వారు తిరిగి రారని ముందే తెలిసిన ప్రేక్షకుడికే పూర్తిగా అందుతాయి.