చిన్నీ, స్క్రూలు తిప్పే ముందు ఇది చదువు

చిన్నీ,

సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొన్నావట, శనివారం కొలిమేషన్, అదే అద్దాలను ఒకదానికొకటి సరిగ్గా కుదర్చడం, కూడా నువ్వే చేసుకుంటావట. మీ అమ్మ చెబితే తెగ మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది.

అన్నిటికన్నా ముందు, సెకండరీ, అంటే పైనున్న చిన్నద్దం, స్క్రూలు తిప్పేటప్పుడు గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టు. నిలబెట్టి ఉంచితే, చెయ్యి జారిన అలెన్ కీ (ఆ స్క్రూలు తిప్పే కీ) నేరుగా పోయి అడుగునున్న పెద్దద్దం మీదే పడుతుంది. కీకి దారం కట్టి మణికట్టుకు చుట్టుకో. నవ్వితే నవ్వు గానీ కట్టుకో.

పగటి పని తేలికే. ఫోకసర్‌కి, అంటే కన్ను పెట్టి చూసే చోటికి, చిన్న రంధ్రమున్న మూత పెట్టి చూస్తూ, సెకండరీని తిప్పి పెద్దద్దం నడిమధ్య అంటించిన రింగును మధ్యకు తేవాలి, తర్వాత ప్రైమరీ, అంటే పెద్దద్దం, వెనకున్న స్క్రూలతో ఆ రంధ్రం ప్రతిబింబాన్ని రింగులోకి తేవాలి.

రాత్రికి గంట ముందే టెలిస్కోపును డాబా మీద పెట్టు, అద్దం చల్లబడాలి. పుస్తకాలు ధ్రువ నక్షత్రాన్ని చూడమంటాయి, అది కదలదు కాబట్టి. కానీ హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంత కిందికి గాలి అలలు చిత్రాన్ని నిలవనివ్వవు. ఈ మే నెలలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రం దక్షిణాన 60 డిగ్రీల పైన ఉంటుంది, దాన్ని పట్టుకో. 200 రెట్లు పెద్దది చేసి చూస్తూ ఫోకస్ కాస్త తప్పిస్తే వలయాలు కనిపిస్తాయి. అవి ఒక పక్కకు ఒరిగితే ప్రైమరీ స్క్రూని కొంచెమే తిప్పి, చుక్కని మళ్లీ మధ్యకు తెచ్చుకునే చూడు. అంచున ఉండగా చూస్తే మంచి అద్దం కూడా వంకరగానే ఉంటుంది.

వలయాలు ముక్కోణంగా కనిపిస్తే మాత్రం ఆ స్క్రూల జోలికి పోకు. మీ నాన్న ఇది నీకు చెప్పి ఉండడు. మేమిద్దరం కార్బోరండం పొడితో (గాజును అరగదీసే గట్టి పొడి) అద్దం రుద్ది చేసుకున్న ఆరంగుళాల టెలిస్కోపును బస్సు మీద ఊరికి తీసుకెళ్లాం. దారిలో అద్దం ఊడుతుందేమోనని వాడు అద్దాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులూ ఉన్న బలమంతా పెట్టి బిగించేశాడు. ఆ రాత్రి ప్రతి నక్షత్రానికీ మూడు మూలలే! వీడేమో వెనక స్క్రూలు తిప్పుతూనే ఉన్నాడు. నేను సరిగ్గా రుద్దకపోవడం వల్లే అద్దం చెడిందని గొడవ కూడా పెట్టుకున్నాడు. శనిని చూద్దామని వచ్చిన పిల్లలు అరుగు మీదే నిద్రపోయారు. తెల్లారాక సంగతి విన్న మాస్టారు ఒక్క మాటే అడిగారు, "క్లిప్పు కింద కాగితం దూరుతుందా?" అని. దూరలేదు. వదులు చేశాక ఆ రాత్రికి వలయాలు గుండ్రంగా వచ్చాయి. మీ నాన్న మాత్రం ఈరోజుకీ వాతావరణం మారిందనే అంటాడు.

నీకు అమ్మినవాడు కూడా దారి కోసం బిగించే ఉంటాడు, ముందు అదే చూడు. దుమ్ముందని అద్దాన్ని గుడ్డతో తుడిచావో, వచ్చి చెవి మెలేస్తాను. ఏదైనా తేడా వస్తే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. మీ నాన్నకి కాదు, నాకు.

పెదనాన్న