ప్రెయిరీలో ఆర్కిడ్లు పోయిన ఏడాది 40, ఈ ఏడాది 12: లెక్క తప్పా, మొక్కలు పోయాయా?

అమెరికాలో చికాగో దగ్గరి ప్రెయిరీలో, అంటే గడ్డి మైదానంలో, ఈస్టర్న్ ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్‌ అనే పూలమొక్క లెక్కకు వాలంటీర్లుగా వెళ్తున్నామన్నారు కదా. పోయిన ఏడాది 40 ఉంటే ఈ ఏడాది 12 మాత్రమే కనబడ్డాయి, ఏం రాయాలని అడిగారు. 12 అనే రాసి పంపండి. ‘28 చనిపోయాయి’ అని మాత్రం రాయకండి. ఈ మొక్క ఒక్కో ఏడాది పైకి రాకుండా భూమిలో దుంపగానే ఉండిపోతుంది. ఒక్కో ఏడాది ఆకులు వేసి ఊరుకుంటుంది, పూయదు. పూలకాడ లేని మొక్క మోకాలెత్తు గడ్డిలో కళ్లకు ఆనదు. అందుకే పూసినవి, పూయనివి, జంతువులు కొరికినవి మూడు గళ్లలో విడివిడిగా రాయాలి. తెగిన కాడ పీచులు లేచి ఉంటే జింక పని. దానికి పైదవడలో ముందుపళ్లు ఉండవు కాబట్టి పీకి తెంపుతుంది. కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే కుందేలు.

రెండేళ్ల తేదీలు కూడా చూడండి. పూత జూన్ చివర, జులై మొదట్లో ఉంటుంది. ఒకసారి నిండు పూతలో, ఇంకోసారి పూలు వాడాక వెళ్తే ఆ రెండు అంకెలనూ పోల్చలేం.

వెళ్లేటప్పుడు 50 పిన్ జెండాలు (నేలలో గుచ్చే సన్నటి తీగ జెండాలు) లెక్కపెట్టుకోండి. ఇద్దరు మీటరు ఎడంగా నడుస్తూ, కనబడ్డ ప్రతి మొక్కకూ జానెడు దూరంలో ఒకటి గుచ్చండి. మరీ దగ్గరగా గుచ్చితే దుంపకు తగలొచ్చు. తర్వాత అదే చోటు ఎదురు దిక్కు నుంచి నడవండి. ఎండ పడే వైపు మారుతుంది కాబట్టి మొదట దాటేసినవి దొరుకుతాయి. 50లోంచి చేతిలో మిగిలినవి తీసేస్తే అదే మీ లెక్క. మొక్క ఉన్న చోటు రాసుకోవడానికి ఫోన్ జీపీఎస్‌ను నమ్మకండి, అది నాలుగైదు మీటర్లు తేడా చూపిస్తుంది. పాతిన గూటం నుంచి టేపుతో దూరం, దిక్సూచితో దిక్కు రాసుకోండి. ఫొటోల్లో లొకేషన్ ఆపేయండి, ఆర్కిడ్లు తవ్వుకుపోయేవాళ్లున్నారు. పసుపు పూల వైల్డ్ పార్స్నిప్ అనే కలుపుమొక్క రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

ఆగస్టు చివర, సెప్టెంబరులో కాయలు లెక్కపెట్టడానికి మళ్లీ వెళ్లాలి. చాలామంది ఇది వదిలేస్తారు, నా దృష్టిలో పూల లెక్క కంటే ఇదే ముఖ్యం. పుప్పొడి మోసేవి రాత్రి తిరిగే హాక్ మాత్‌లు, సీతాకోకచిలుకల్లాంటి పురుగులు. పూలుండీ కాయలు పట్టలేదంటే అవి రావడం లేదేమో చూడాలి. పుల్లతో చేతి పరాగసంపర్కం చేసేవాళ్లను చూసి మీరూ చేయబోకండి. 1989 నుంచి అమెరికా ఫెడరల్ (కేంద్ర) చట్టం రక్షణ ఉన్న మొక్క, అలా చేయడానికి అనుమతి, శిక్షణ కావాలి.

వచ్చే ఏడాది ఒక్కటీ కనబడకపోతే గడి ఖాళీగా వదలకండి. 0 వేసి, ఎందరు ఎన్ని నిమిషాలు వెతికారో పక్కన రాయండి. ఖాళీ గడిని చూసినవాళ్లు అసలు ఎవరూ వెళ్లలేదనుకుంటారు.