కనీస వేతనం అమలవుతోందా లేదా: ముందు గంటలు లెక్కపెట్టండి

దేశమంతటికీ కనీస వేతనం అంటున్నారు, అది కార్మికుడికి నిజంగా అందుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. అపార్ట్‌మెంట్లకూ ఆఫీసులకూ సెక్యూరిటీ గార్డులను పంపే ఒక ఏజెన్సీలో కొన్నేళ్లు జీతాల లెక్కలు చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, నెల జీతం ఎంతో చూసి తేల్చేయకండి. కాగితం మీద అది సాధారణంగా సరిపోయే ఉంటుంది. ఎన్ని గంటల పనికి అంత ఇస్తున్నారో అడగండి.

గార్డు డ్యూటీ పన్నెండు గంటలు, ఏజెన్సీ రిజిస్టర్లో మాత్రం ఎనిమిదే. వారానికి 48 గంటలు దాటితే ఓటీకి, అంటే ఆ అదనపు గంటలకు, డబుల్ రేటు ఇవ్వాలి. ఆరు రోజులు పన్నెండేసి గంటలంటే 72 గంటలు. పైన చేసిన 24 గంటలకు 48 గంటల డబ్బు రావాలి. అంటే అతనికి కనీస వేతనానికి రెట్టింపు ఇస్తేనే చట్టం అమలైనట్టు. "మినిమమ్ వేజ్ ఇస్తున్నాం కదా" అని ఏజెన్సీ చెప్పే చోట కూడా గార్డుకు ముట్టేది న్యాయంగా రావాల్సిన దాంట్లో సగమే. వీక్లీ ఆఫ్ తీసుకుంటే ఆ రోజు డబ్బు కోసేవాళ్లు. కొన్నిచోట్ల యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటా కూడా గార్డు జీతంలోంచే పోయేది. ఇదంతా ఏజెన్సీ ఒక్కదాని పాపం కూడా కాదు. అందరికంటే తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికే కాంట్రాక్టు ఇచ్చే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకు ఆ రేటులో ఓటీ ఇమడదని తెలుసు.

ఇక జాతీయ స్థాయి అంకె, అంటే దేశమంతటికీ కేంద్రం చెప్పే కనీస వేతనం. 1996లో రోజుకు 35 రూపాయలతో మొదలై 2017 నాటికి 176కి చేరింది. అప్పట్లో అదీ రాష్ట్రాలకు సలహా మాత్రమే. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2019లో 375 సూచించింది, ప్రభుత్వం పట్టించుకోలేదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పనిచేయించుకోవడం వెట్టిచాకిరీతో సమానమని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. అంత పెద్ద మాట చెప్పిన దేశంలో 176 రూపాయలేమిటని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టమైన వేతనాల కోడ్‌లో రెండు మార్పులు నాకు ముఖ్యమనిపించాయి. బకాయి అడగడానికి ఇదివరకు ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. ఉద్యోగంలో ఉండగా ఫిర్యాదు చేస్తే మర్నాడే "రేపట్నుంచి రావొద్దు" అంటారు కాబట్టి, మానేశాక కూడా అడిగే వీలుండటం చిన్న విషయం కాదు.

మీకు తెలిసిన గార్డు ఎవరైనా ఉంటే గేటు రిజిస్టర్లో తన సంతకాలున్న పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఏజెన్సీ తన పేరున ఎంత జీతం చూపిస్తోందో కనబడుతుంది. దాన్ని చేతికొచ్చిన డబ్బుతో పోల్చి చూసుకోమనండి.