మేడ మీద అడవి మిరప: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోల్లో మీ మేడ మీద అడవి మిరప వేసి, దాన్ని మన మిరపతో కలిపి కొత్త రకం తీయాలని ఉందటగా. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కావలి దగ్గర ఈ పెరట్లో పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే నాయనా.

ఐదారు రకాలు తెచ్చి అన్నిటినీ అన్నిటితో కలుపుతానన్నావంట. అది మాత్రం వద్దు. ఒక్క జత పెట్టుకో. తల్లిగా గుంటూరు సన్నం, తండ్రిగా చిల్టెపిన్. చిల్టెపిన్ అంటే మెక్సికో, దాని చుట్టుపక్కల దేశాల అడవుల్లో దానంతట అది మొలిచే, బఠాణీ గింజంత కాయ. మన సన్నమూ అదీ ఒకే జాతి కాబట్టి కాయ సులువుగా పడుతుంది. బొలీవియా, పరాగ్వే వైపు పెరిగే చాకోయెన్స్ అనే అడవి మిరప, పూల మీద పచ్చమచ్చలుండే బక్కాటం మిరప మాత్రం వేరే జాతులు. మన మిరపకు బక్కాటం పుప్పొడి అద్దితే కాయ పడినా లోపల గింజ సరిగ్గా తయారుకాదు చాలాసార్లు. వాటి జోలికి తర్వాత పోవచ్చు. నల్ల గింజల రొకోటో మిరప చల్లటి కొండల మొక్క, మన ఎండకు పూత నిలవదు.

విత్తనం మన దేశంలో పెంచేవాళ్ళ దగ్గరే తీసుకో. బయటి దేశం నుంచి కవర్లో పెట్టించి తెప్పించొద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దానికి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి. గింజతోపాటు తెగుళ్ళు వస్తాయి, పక్కన రైతుల చేలున్నాయి. సన్నం కూడా పాత రకం విత్తనమే తీసుకో. హైబ్రిడ్ ప్యాకెట్‌లోది అప్పటికే రెండు రకాల కలయిక, దాన్ని మళ్ళీ కలిపితే ఏ గుణం ఎక్కడిదో తేలదు.

అడవి మిరప గింజ మొండిది. మన నారు పది రోజుల్లో లేస్తే ఇది మూడు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు తీసుకుంటుంది. మొలవలేదని మట్టి పారబోయొద్దు. అడవిలో దాన్ని పిట్టలు తిని విత్తుతాయి, పిట్టలకు కారం తెలియదు. మా పెరట్లో పిగిలిపిట్టలు పండు కాయలన్నీ ఊడ్చేస్తాయి. నేను కోపగించుకోను, నాక్కావలసిన కాయలకు మాత్రం దోమతెర గుడ్డ సంచి కడతాను. అడవిదాన్ని ఆషాఢంలో విత్తి, సన్నాన్ని ఒక నెల ఆగి విత్తు. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. కార్తీకం తర్వాత, సంక్రాంతి వరకు మనకు మంచి కాలం. ఎండ 35 డిగ్రీలు దాటిందంటే పూత రాలిపోతుంది, వేసవిలో ఎంత పాటుపడినా దండగే. చిల్టెపిన్ అడవిలో పొదల నీడన పెరిగే మొక్క, కాబట్టి మేడ మీద గ్రీన్ నెట్ తప్పదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పోయొద్దు, ఆకు అంచులు మాడతాయి. వాన నీళ్ళు డ్రమ్ముకు పట్టి ఉంచుకో. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రోజూ ఆకు తిప్పి చూసే అలవాటు చేసుకో.

ఇక అసలు పని. కర్నూలు వైపు పత్తి సీడు చేలల్లో చేసే క్రాసింగే ఇదీను. సాయంత్రం సన్నం చెట్టు దగ్గర కూర్చుని, రేపు విచ్చుకునే మొగ్గ కోసం చూడు. తెల్లగా ఉబ్బి ఉంటుంది, ఇంకా మూసుకునే ఉంటుంది. సన్నటి చిమటాతో రేకులు నెమ్మదిగా విప్పితే లోపల ఐదారు పుప్పొడి తిత్తులు కనిపిస్తాయి. అవి పగలకముందే ఒక్కొక్కటీ తుంచెయ్. మధ్యలో ఉన్న కాడకు దెబ్బ తగలకూడదు. ఒక్క తిత్తి పగిలి పొడి రాలినా ఆ మొగ్గ వదిలేసి ఇంకోటి చూసుకో, మొహమాటం వద్దు. ఒలిచిన మొగ్గకు చిన్న గుడ్డ సంచి తగిలించు. పొద్దున ఎనిమిది దాటాక చిల్టెపిన్ పువ్వు కోసి, గోటి మీద తట్టి పొడి రాల్చి, ఆ కాడ కొస మీద అద్దు. మళ్ళీ సంచి కట్టు. పది మొగ్గలు చేస్తే రెండు మూడు నిలిచినా మంచిదే.

కలిపిన ప్రతి మొగ్గకూ ఒక చీటీ కట్టు, దాని మీద పెన్సిల్‌తోనే రాయి. మొదటి ఏడాది నేను పెన్నుతో రాశాను. కార్తీకంలో తుపాను వచ్చి మూడు రోజులు కురిసింది, తేరుకుని చూస్తే చీటీలన్నీ తెల్లకాగితాలు. ఏ కాయ ఎవరి బిడ్డో తెలియక అంతా పచ్చట్లో వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా మూత ముక్కలు కోసి వాటి మీద పెన్సిల్‌తో తల్లి పేరు, తండ్రి పేరు, తారీకు రాస్తాను. పుస్తకంలో కూడా ఎక్కిస్తాను.

కాయ పండడానికి రెండు నెలల దాకా పడుతుంది. అది అచ్చం సన్నంలాగే ఉంటుంది, కంగారుపడకు. కాయ తల్లిది, కలయిక గింజలో ఉంటుంది. ఆ గింజ విత్తితే వచ్చే మొక్కలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆకాశం వైపు చూసే చిల్టెపిన్ కాయ గుణం అణగిపోయి, కిందికి వేలాడే గుణమే కనబడుతుంది. పండిన కాయ పట్టుకుంటే ఊడిపోవడం మాత్రం అడవి తండ్రి నుంచి వస్తుంది. పుప్పొడి బాగా రాలుతుంటే ఆ మొక్కలను వాటి పుప్పొడితోనే కాయనివ్వు. మిరపలో తేనెటీగలు చాలా కలుపుతాయి, అందుకని ఆ పూలకూ సంచి కట్టాలి.

అసలు సంబరం దాని తర్వాతి తరంలో ఉంది నాయనా. పైకి చూసే కాయలు నాలుగింట ఒక మొక్కకు మళ్ళీ కనిపిస్తాయి. పొట్టివి, పొడుగువి, మంట ఎక్కువవి, తక్కువవి, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. కనీసం ముప్పై మొక్కలు పెంచు. చోటు చాలకపోతే పదిహేను నాకు పంపు, మా పెరట్లో వేస్తాను. నచ్చినదాన్ని తీసుకుని ఐదారు తరాలు దాని గింజే మళ్ళీ మళ్ళీ విత్తుకుంటూ పోతే రకం నిలబడుతుంది. అంటే నీ పెళ్ళీ అయిపోతుంది, పిల్లలూ బడికి పోతారు.

గింజలు తీసేటప్పుడు గ్లౌజులు వేసుకో. చేయి మండితే ముందు కొబ్బరినూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కో. ఉత్త నీళ్ళతో పోదు.

ఈ ఉత్తరంతో రెండు పొట్లాలు పెడుతున్నాను. ఎర్రదారం కట్టింది సన్నం, పచ్చదారం కట్టింది చిల్టెపిన్. పచ్చదారం పొట్లంలో ఇరవై గింజలే ఉన్నాయి, పది విత్తి పది దాచుకో.

మీ పెద్దమ్మ